మూడో ప్రమాణం

కెజియా చెప్పిన జవాబు సరైనదే. బుడ్డి మాత్రం వెలగలేదు.

అయిదో తరగతి గదిలో మిగిలిన బల్లల మీద బుడ్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. కిటికీ పక్కనున్న రెండో బల్ల మీది బుడ్డి ఒక్కటే అలిగిన అల్లుడిలా ముఖం మాడ్చుకుని కూర్చుంది. టీచరు లహరి ఆ బల్ల దగ్గరికి వెళ్లి తీగ ఊడిందేమోనని చూసింది. తీగ బాగానే ఉంది. కెజియా నుదుటికి కట్టిన గుడ్డపట్టీని కాస్త పైకి జరిపి చూసింది. అదీ బాగానే ఉంది.

"మళ్లీ చెప్పమ్మా. మూడు బై నాలుగు పెద్దదా, రెండు బై మూడు పెద్దదా?"

"మూడు బై నాలుగు మేడం."

"ఎట్టా తెలిసింది?"

"రెండిట్లోనూ ఒక్కో ముక్కే గదా తక్కువ. దీంట్లో నాలుగు చేసిన ముక్క పోయింది. దాంట్లో మూడు చేసిన ముక్క పోయింది. నాలుగు చేస్తే ముక్క చిన్నదయిద్ది. చిన్నముక్క పోయినోడికే ఎక్కువ మిగిలిద్ది మేడం." చెప్పేసి కెజియా పకపకా నవ్వింది. పెద్దముక్క పోగొట్టుకున్నవాడెవడో ఆ పిల్ల కళ్లముందు నిలబడి ఉన్నట్టే ఉంది.

లహరికి కూడా నవ్వొచ్చింది. ఇంత చక్కగా చెప్పిన పిల్లకు అర్థం కాలేదని ఎవరనగలరు? బుడ్డి అంటోంది.

దానికి ప్రభుత్వం పెట్టిన పేరు బోధదీపం. పిల్లలకు అంత పేరు నోరు తిరగక బుడ్డి అన్నారు. పేరు స్థిరపడిపోయింది. పిల్లవాడు లెక్క చేస్తున్నంతసేపూ మెదడులో లేచే సన్నటి విద్యుత్తు అలలను నుదుటిపట్టీ వింటుంది. ఆ లెక్క బాగా అర్థమైనవాళ్ల మెదడు ఎట్లా నడుస్తుందో ముందే పట్టి దాచిన మూస ఒకటి ఉంటుంది. రెండూ కలిస్తే దీపం వెలుగుతుంది. తరగతికి కొన్ని ప్రమాణాలు, ప్రమాణానికొక మూస. అయిదో తరగతి భిన్నాల్లో మూడో ప్రమాణం: భిన్నాలను పోల్చగలగడం.

ఇక పరీక్షలెందుకు? ఎత్తేశారు. కాపీలు లేవు, గైడ్లు లేవు, ఆన్సరు పేపర్లు దిద్దుతూ టీచర్లు కళ్లు పోగొట్టుకోవడం లేదు. పాఠం చెప్తుండగానే ఎవరికి ఎక్కిందో ఎవరికి ఎక్కలేదో బల్లల మీద కనబడిపోతుంది. "బోధన, పరీక్ష, ప్రమాణం - మూడూ ఒకే గీత మీద" అని ప్రతి బడి గోడ మీదా నీలిరంగుతో రాయించారు. నిజానికి అదొక మంచి ఊహే. చెప్పేదొకటీ అడిగేదొకటీ అయి పిల్లలు నలిగిపోయిన కాలం లహరికి గుర్తుంది. చిక్కల్లా ఒకటే. తరగతిలో బుడ్లన్నీ వెలిగేదాకా టీచరు చేతిలోని తెర ఉన్న పలకలో తర్వాతి పాఠం తెరుచుకోదు.

కెజియా దీపం వెలగక చీమకుర్తి దగ్గరి ఆ చిన్న బళ్లో అయిదో తరగతి మొత్తం భిన్నాల దగ్గరే చతికిలబడింది.

హెడ్మాస్టరు చెంచయ్య గారు రోజుకోసారి తలుపు దగ్గర నిలబడి తొంగిచూసి పోతున్నాడు. ఆయన బాధ ఆయనది. సోమవారం ఒంగోలులో సమీక్ష సమావేశం. ఇప్పటిదాకా రెండు జిల్లాల్లోనే ఉన్న బోధదీపాన్ని రాష్ట్రమంతటికీ ఇవ్వాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది. ఆ దీపాన్ని కనిపెట్టింది ఒంగోలు ప్రమాణాల కేంద్రం డైరెక్టరు డాక్టర్ భ్రమరాంబ. ఆవిడ కూతురే లహరి.

"డైరెక్టరు గారమ్మాయి క్లాసులోనే దీపం వెలగలేదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోనమ్మా?" అన్నాడు చెంచయ్య గారు. "ఆ పిల్లకి పుస్తకంలో ఉన్నట్టు చెప్పి చూడు. పోయిన ముక్కల గోల మనకెందుకు?"

లహరి చెప్పింది. హారాలు రెండూ సమానం చెయ్యాలి. నాలుగుకీ మూడుకీ పన్నెండు. తొమ్మిది బై పన్నెండు, ఎనిమిది బై పన్నెండు. కెజియా చులాగ్గా పట్టేసింది. పట్టడమే కాదు, రాగం కట్టి పాడుతూ పుస్తకం చివరున్న లెక్కలన్నీ చేసి పారేసింది. ఒక్కటీ తప్పు పోలేదు.

బుడ్డి వెలగలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికి లహరి ఓపిక అయిపోయింది. మిగిలిన పిల్లలు గోలగోలగా ఉన్నారు. చెంచయ్య గారు అప్పుడే మూడోసారి తొంగిచూసి వెళ్లాడు. కెజియా పాట పాడుతూ లెక్క మొదలుపెట్టింది.

"చాలించు ఆ పాట!" అని కసురుకుంది లహరి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నోరు మూసుకుని చెయ్యి."

లహరి వెళ్లి కెజియా వెనక నిలబడింది. ఏమీ మాట్లాడలేదు. ఊరికే నిలబడింది. కెజియా పెన్సిలు ఆగింది, మళ్లీ కదిలింది. ఆ పిల్ల మెడ బిగుసుకుంది. తల కొద్దిగా వెనక్కి వాలింది.

బుడ్డి వెలిగింది.

పిల్లలంతా చప్పట్లు కొట్టారు. టీచరు పలకలో నాలుగో ప్రమాణం టింగుమని తెరుచుకుంది. కెజియా మాత్రం నవ్వలేదు.

"ఇప్పుడేం మార్చి చేశావమ్మా?" అని అడిగింది లహరి.

"ఏం మార్చలా మేడం. అట్టాగే చేశా. మీరు ఎనకమాల నిలబడి పలకపొయ్యేసరికి భయమేసింది, అంతే."

ముందు బల్ల మీది మస్తాన్‌వలీ వెనక్కి తిరిగాడు. "భయపడితేనే తొందరగా వెలిగిద్ది మేడం. మెడ ఇట్టా బిగబట్టాల. మాకందరికీ తెలుసు. ఈ మధ్యే చేరింది గదా, దానికే తెలవదు."

వాడు చేసి చూపించాడు. వాడి క్రాపు తల, వెనకనుంచి ఎవరో జడ పట్టుకుని ఆపినట్టు, కాస్త వెనక్కి వాలి నిలబడిపోయింది. లహరి గదంతా కలయజూసింది. "ఏదీ, అందరూ ఒక లెక్క చెయ్యండి" అంది. అందరి తలలూ వాలాయి. ఆడపిల్లలవీ, మగపిల్లలవీ. అందరివీ ఒకే తీరుగా వాలాయి.

లహరికి ఆ తీరు తెలుసు. ఆ తల తనది.

లహరి పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు భ్రమరాంబకు రోజంతా ప్రయోగశాలే లోకం. ఇల్లు చేరేసరికి కూతురు నిద్రపోయి ఉండేది. తల్లీకూతుళ్లు కలిసి కూర్చునేది పొద్దున జడ వేసేటప్పుడే. లహరి పీట మీద, తల్లి వెనక కుర్చీలో. జడ అల్లుతూ లెక్కలడిగేది తల్లి. జవాబు సరిగ్గా ఉంటే అల్లిక సాగిపోయేది. తప్పయితే ఆవిడ తిట్టేది కాదు, కొట్టేది కాదు. చెయ్యి ఆగిపోయేది, అంతే. పాయలు మూడూ గుప్పిట్లో పట్టుకుని ఆవిడ కదలకుండా ఉండిపోయేది. లహరి మెడ బిగబట్టి, ఆ చెయ్యి మళ్లీ ఎప్పుడు కదులుతుందా అని ఎదురుచూసేది. సరైన జవాబు చెప్పేదాకా అది కదిలేది కాదు.

ఆ రోజుల్లో లహరి నుదుటికి ఒక పట్టీ కూడా ఉండేది. ఇతరుల పిల్లల మీద ప్రయోగం చెయ్యడానికి అప్పటికి అనుమతి రాలేదు. సొంత పిల్లకైతే అడిగేవాళ్లెవరు? తొలి యంత్రాన్ని భ్రమరాంబ ఇంటికే తెచ్చుకుంది.

శనివారం బడి వదలగానే లహరి ఒంగోలు బస్సెక్కింది. ప్రమాణాల కేంద్రంలో ఎల్లుండి సమావేశానికి కుర్చీలు సర్దుతున్నారు. భ్రమరాంబ తన గదిలో ఉంది. రిటైరవడానికి దగ్గరపడిన మనిషి. చక్కగా ఇస్త్రీ చేసిన నేతచీర, కళ్లజోడు, బల్ల మీద సగం తాగి మరిచిపోయిన టీ.

"ఏందే, చెప్పాపెట్టకుండా? అన్నం తిన్నావా?"

"తిన్నా. అమ్మా, మూడో ప్రమాణం మూస ఎవరిది?"

"ఎవరిదంటే? నాలుగు వందల మంది పిల్లల్ని రికార్డు చేశాం. అందరిదీ కలిపి తీసిన సగటది."

"ఆ నాలుగు వందల మందిని దేనితో ఏరారు?"

భ్రమరాంబ కళ్లజోడు తీసింది. "చాలామందే వచ్చారు. జవాబు కరెక్టుగా చెప్పినా బట్టీ పట్టి చెప్పేవాళ్లుంటారు గదా. తొలి మూసకి దగ్గరగా ఉన్నోళ్లని ఉంచుకుని, మిగిలినోళ్లని అవగాహన లేనోళ్ల కింద పక్కన పెట్టాం. పద్ధతి అదే."

"తొలి మూస నాది."

"నీదే. అంత శుభ్రమైన రికార్డింగు మళ్లీ నాకు దొరకలా." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ముఖంలో గర్వం కనిపించింది. కూతురిని చూసి పడే గర్వమే అది. లహరికి ఏడుపొచ్చినంత పనైంది.

కెజియా సంగతి చెప్పింది లహరి. మస్తాన్‌వలీ చేసి చూపించింది చెప్పింది. "ఆ మూసలో లెక్క ఒక్కటే లేదమ్మా. నా భయం కూడా ఉంది. అది రెండిటినీ కలిపి అడుగుతోంది పిల్లల్ని."

భ్రమరాంబకు కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడం ఆవిడకు చేతకాదు. "అనుకుంటే సరిపోదు. రుజువు?" అంది.

"చూపిస్తా. పట్టీ ఇవ్వు."

పక్కగదిలో పరీక్షాయంత్రం ఉంది. లహరి పట్టీ కట్టుకుని స్టూలు మీద కూర్చుంది. భ్రమరాంబ మూడో ప్రమాణం పెట్టి ఒక లెక్కడిగింది. లహరి చేసింది. దీపం ఠక్కున వెలిగింది.

"చూశావా? నీకొచ్చు గనక వెలిగింది" అంది తల్లి.

"ఇప్పుడు లెక్క అడగొద్దు. నా వెనక్కొచ్చి జడ వెయ్యి."

"ఏంది?"

"జడ వెయ్యమ్మా."

లహరి జుట్టు క్లిప్పు తీసేసింది. భుజాలు దాటి కాస్త కిందకుంటుంది ఆ జుట్టు. భ్రమరాంబ వెనక నిలబడి మూడు పాయలు తీసింది. ఎన్నో ఏళ్లయింది కదా, ముందు కాస్త తడబడినా వేళ్లకు దారి దొరికింది. లహరి ఎదుటి గోడ మీద బల్లిని చూస్తూ కూర్చుంది. దీపం నల్లగానే ఉంది.

"ఇప్పుడు చెయ్యి ఆపు."

చెయ్యి ఆగింది. లహరి తలలో లెక్క లేదు, అంకె లేదు. బల్లి తోక ఆడించింది.

దీపం వెలిగింది.

భ్రమరాంబ ఒక్కసారి చూసి నమ్మే మనిషి కాదు. మళ్లీ అల్లింది. దీపం ఆరిపోయింది. మళ్లీ ఆపింది. వెలిగింది. యంత్రం ఆపి, సరిచూసుకుని, మళ్లీ మొదలుపెట్టింది. ఆగినప్పుడల్లా దీపం వెలుగుతూనే ఉంది. చివరికి ఆవిడ పాయలు వదిలేసి, గోడ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

సగం విడిపోయిన జడకేసి చూస్తూ అంది. "నేను కోప్పడలేదే నిన్నెప్పుడూ."

"తెలుసు."

"నువ్వు తప్పు చెప్తే, ఎక్కడ తప్పావా అని ఆలోచించేదాన్ని. నీ బుర్ర ఏ దారిన పోయుంటదా అని. ఆ ఆలోచనలో పడితే చెయ్యి ఆగిపోయేది. నాకు రోజు మొత్తం మీద నువ్వు దొరికేది ఆ కాసేపే గదా, లహరీ. ఆ కాసేపటి కోసం ఎదురుచూసేదాన్ని."

"నువ్వు వెనకుండేదానివి అమ్మా. నీ మొహం నాకు కనపడేది కాదు."

భ్రమరాంబ తల ఊపింది. ఆవిడకు ముందు లెక్కే తట్టింది. పక్కన పెట్టేసిన పిల్లలెందరు? జవాబు సరిగ్గా చెప్పి, భయపడని పాపానికి అవగాహన లేనివాళ్లనిపించుకున్నవాళ్లెందరు? దీపాలున్న బళ్లలో ఇప్పుడు మెడ బిగబట్టుకుంటున్నవాళ్లెందరు? ఆ లెక్క తెగలేదు. అప్పుడు ఏడ్చింది. లహరి తల్లి ఏడవగా చూడటం అదే మొదలు. ఏం చెయ్యాలో తోచక ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది.

సోమవారం సమావేశంలో అందరూ ఫలితాల పట్టికలు చూసి మురిసిపోతుండగా భ్రమరాంబ లేచి, మూడో ప్రమాణం తప్పని చెప్పింది. అదొక్కటే కాదు, కింది తరగతుల మూసలన్నీ ఆ తొలి మూస నీడలోనే తయారయ్యాయని, వేటినీ నమ్మడానికి వీల్లేదని చెప్పింది. ముందుగా తేరుకున్న పెద్ద అధికారి ఒకాయన నచ్చజెప్పబోయాడు.

"మేడం, పిల్లలకి లెక్కలు వస్తున్నాయా లేదా? వస్తున్నాయి. కాస్త భయం కూడా ఉంటే ఉండనివ్వండి. మనమందరం భయపడి చదువుకున్నవాళ్లమే కదా?"

"ప్రమాణంలో అది రాయలేదు సార్" అంది భ్రమరాంబ. "భిన్నాలను పోల్చగలగాలని రాశాం. భయపడుతూ పోల్చగలగాలని రాయలేదు. రాయనిదాన్ని పిల్లల్ని అడిగే హక్కు మనకు లేదు."

వాళ్లు ఆవిడను వారం రోజులు బతిమాలారు, తర్వాత బెదిరించారు. యంత్రాలు వెనక్కి తెప్పించే కాగితం మీద ఆవిడ సంతకం పెట్టాక కేంద్రం నుంచి తప్పించారు. వేరే ఊళ్లో వేరే ఎవరికో కొత్తగా మూసలు తయారుచేసే పని అప్పజెప్పారని విన్నది లహరి. వాళ్లు ఎవరి పిల్లల్ని కూర్చోబెట్టుకుంటున్నారో తెలియదు.

చీమకుర్తి దగ్గరి బళ్లో బుడ్లు ఊడబెరికి అట్టపెట్టెల్లో సర్దారు. చెంచయ్య గారు వాటిని తనే స్వయంగా ఆటో ఎక్కించి, పోతున్న ఆటోను గేటు దాకా సాగనంపాడు. అన్నీ చక్కబడిపోతాయని లహరి అనుకుంది. చక్కబడలేదు. పిల్లలు లెక్క చేసి, దీపం ఉండే చోటుకేసి చూసేవాళ్లు. అక్కడ నాలుగు మేకు చిల్లులు తప్ప ఏమీ లేవు. ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో ఇప్పుడు లహరే ఒక్కొక్కరి పక్కనా కూర్చుని అడిగి తెలుసుకోవాలి. ఎట్లా చేశావు, అట్లా ఎందుకు చేశావు అని అడగాలి. గంటలో నలుగురైదుగురి వంతే వస్తుంది. ఎవరి వెనకా నిలబడకూడదని నియమం పెట్టుకుంది. ఎదురుగా కూర్చుంటుంది.

కెజియా వంతు వచ్చినప్పుడు, "అయిదు బై ఆరు పెద్దదా, మూడు బై నాలుగు పెద్దదా?" అని అడిగింది. కెజియా మెడ బిగబట్టుకుని, హారాలు సమానం చేసి, గుసగుసగా జవాబు చెప్పింది. సరైనదే.

"పోయిన ముక్కలతో చెప్పవా?"

"అది తప్పు గదా మేడం. అట్టా చేస్తే వెలగలా."

"తప్పు కాదమ్మా. దీపమే తప్పు. తప్పు నాది కూడా. నిన్ను కసిరాను."

కెజియా ఆ మాట నమ్మినట్టు లేదు. ఒక్క శుక్రవారం పోగొట్టిన పాటను ఎన్ని సోమవారాలు తిరిగి తెస్తాయో లహరికి తెలియదు. రోజూ అడుగుతోంది. ఇప్పటిదాకా ఆ పిల్ల మళ్లీ పాడలేదు.

ఒక ఆదివారం సాయంత్రం లహరి తల్లి దగ్గరికి వెళ్లింది. ఉద్యోగం లేని ఇల్లు ఆవిడకు ఇంకా అలవాటు కాలేదు. వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. లహరి పక్కన కూర్చుని తనూ ఒలవడం మొదలుపెట్టింది. కెజియా సంగతి చెప్పింది. భ్రమరాంబ వింటూనే కాయలు ఒలిచింది. ఆవిడ తల వంచుకునే అడిగింది.

"నిజం చెప్పు లహరీ. చిన్నప్పుడు ఒక్కసారైనా నా దగ్గర భయం లేకుండా కూర్చున్నావా?"

అబద్ధం చెప్పడం తేలికే. కానీ తల్లి అడిగిన తీరు అబద్ధానికి చోటివ్వలేదు. లహరి నిజంగానే వెతుక్కుంది.

"కూర్చున్నా" అంది. "లెక్కలైపొయ్యాక. రిబ్బన్లు కట్టేటప్పుడు. నువ్వు ఏదో కూనిరాగం తీసేదానివి. నాకు కళ్లు మూతలు పడేవి. రెండో రిబ్బను అప్పుడే కట్టొద్దని మనసులో అనుకునేదాన్ని."

భ్రమరాంబ చేతిలోని చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది.

"అది రికార్డు కాలేదే" అంది. "ఆఖరి లెక్క కాంగానే మిషను ఆపేసేదాన్ని."